రెండు భాషల్లో ఒకే గొంతు



పాత పాటలంటే చెవి కోసుకునేవాళ్ళు మన తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల్లో ఇంటికొకరు ఉంటారు. పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపు మగ్గాల సందడిలోనైనా సరే, ఒక పాత పల్లవి వినిపిస్తే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అయితే మనం ఆ పాటలను వినే తీరు ఒకసారి గమనించండి. ఒకటి 1953 నాటిది, దాని పక్కనే 1985 నాటిది. కదంబమాల కట్టినట్టు కలగలిపి వింటాం. అందులో తప్పేమీ లేదు. కదంబం అందం కదంబానిదే. కానీ ఏ గాయకుడు ముందు, ఏ గాయకుడు వెనుక, ఏ పాట తర్వాత ఏ పాట రావాలని కూర్చినవారు అనుకున్నారు అన్న సంగతులు ఆ వినికిడిలో మనకు అందవు. అందుకని ఈ పూట పాటలను వరసగా, ఒక్కొక్క సంపుటిగా వినే పద్ధతి గురించి మీతో కొంచెం మాట్లాడతాను. ఆ వరసను విషాద గీతాలతో, గొంతు తగ్గించి పాడిన గాయకులతో మొదలుపెడదాం. సరిహద్దున ఉన్న మనలాంటి వాళ్ళకు ఈ వరసలో మరెవ్వరికీ లేని ఒక వీలు ఉంది. అదేమిటో ముందుకు వెళ్ళేకొద్దీ తెలుస్తుంది.

ముందుగా ఆల్బం అన్న మాట. పూర్వపు గ్రామఫోను రికార్డు లక్క కలిపి చేసిన నల్లటి పళ్ళెం. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. 10 అంగుళాల రికార్డు మీద ఒక్కో పక్క మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర నిమిషాల పాట పట్టేది. పెద్ద రచన వినాలంటే నాలుగైదు రికార్డులు కావాలి. వాటిని ఫొటోల పుస్తకం మాదిరి, పుటకొక అట్టసంచి ఉన్న పుస్తకంలో పెట్టి అమ్మేవారు. ఆ పుస్తకానికే ఆల్బం అని పేరు. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డును విడుదల చేసింది. అది నిమిషానికి 33 చుట్ల పైచిలుకు మాత్రమే తిరుగుతుంది. ఒక్కో పక్క ఇరవై నిమిషాలకు పైగా వినిపిస్తుంది. దాంతో పుస్తకం అవసరం తీరిపోయింది కానీ పేరు మాత్రం నిలిచిపోయింది.

ఇంతసేపు ఆపకుండా వినే వీలు దొరికేసరికి గాయకులకు కొత్త ఆలోచన కలిగింది. విడివిడి పాటలను పోగుచెయ్యడం కాకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒకే భావం నడిచేలా పాటలను కూర్చవచ్చు కదా అనుకున్నారు. 1955 ఏప్రిల్లో అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా 'ఇన్ ది వీ స్మాల్ అవర్స్' అనే ఆల్బం వెలువరించాడు. పదహారు పాటలు. అన్నీ నిద్రపట్టని రాత్రి, ఒంటరి మనసు, తెల్లవారని వేళ. పాశ్చాత్య దేశాల్లో గొప్ప ఆల్బంలను వరసగా వినాలనుకునేవారు చాలామంది దీనితోనే మొదలుపెడతారు.

ఇదంతా ఎక్కడో పరాయి దేశపు సంగతి అనుకోకండి. వరసగా వినవలసిన పాటల గుచ్ఛం అన్న ఊహ తిరుత్తణికి కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితులు తన మొదటి కృతిని తిరుత్తణి కొండ మీదే రచించారని సంప్రదాయం చెబుతుంది. కుమారస్వామి వృద్ధుడి రూపంలో వచ్చి ఆయన నోట కలకండ వేశాడని, ఆ తీపితో పాట పుట్టిందని కథ. అది మాయామాళవగౌళ రాగం, ప్రథమా విభక్తి. అక్కడితో ఆగకుండా సంస్కృతంలోని ఎనిమిది విభక్తులకూ ఎనిమిది కృతులు, గురుగుహుని మీద ఒకే వరసలో కూర్చారు. వాటిని తిరగేసి పాడినా పాటకు లోటు రాదు, కానీ వరసలో విన్నవాడికి కలిగే తృప్తి వేరు. దీక్షితుల కాలం 1775–1835. లాంగ్ ప్లే రికార్డు రావడానికి నూరేళ్ళ ముందటి మాట ఇది.

ఇక, విషాదంతోనే ఎందుకు మొదలుపెట్టాలి? దీనికి కారణం మైకు. మైకు లేని రోజుల్లో పద్యనాటకం ఆడే నటుడు ఆఖరి వరసలో నేల మీద కూర్చున్నవాడికి కూడా వినిపించేలా హెచ్చు శ్రుతిలో గొంతెత్తి పాడవలసి వచ్చేది. హరిశ్చంద్రుడు కాటిలో విలపించినా కంఠం మాత్రం కంచుగంటలా మోగవలసిందే. గ్రామఫోను తొలినాళ్ళలోనూ అంతే. గాయకుడు పెద్ద గరాటులోకి నోరు పెట్టి గట్టిగా పాడితేనే రికార్డు మీద గీత పడేది. 1925లో విద్యుత్తుతో, మైకుతో రికార్డు చేసే పద్ధతి వచ్చింది. అప్పటినుంచి గొంతెత్తవలసిన పని తప్పింది. పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు పాడినా లోకమంతా వింటుంది. అలా పాడేవాళ్ళను అమెరికాలో క్రూనర్లన్నారు. బింగ్ క్రాస్బీ వాళ్ళలో పేరెన్నికగన్నవాడు. మనిషి నిజంగా బాధలో ఉన్నప్పుడు అరవడు, మాట లోగొంతుకలోకి దిగిపోతుంది. ఆ లోగొంతుకను మొదటిసారి పాటలోకి తెచ్చింది మైకే. కాబట్టి రికార్డుల చరిత్రను విషాద గాయకులతో మొదలుపెట్టడంలో న్యాయముంది.

మన దేశంలో ఈ లోగొంతుకకు ఆద్యుడు కుందన్‌లాల్ సైగల్. 1930ల మధ్యలో కలకత్తా న్యూ థియేటర్స్ వారి హిందీ దేవదాసుగా ఆయన పాడిన పాటలు దేశమంతటా పాకాయి. భాష తెలియని దక్షిణాదివాళ్ళు కూడా ఆ గొంతును పట్టుకున్నారు. తెలుగులో ఆ మెత్తదనాన్ని తొలినాళ్ళలోనే పలికించినవారు సాలూరి రాజేశ్వరరావు. 1935లో శ్రీకృష్ణ లీలలు చిత్రంలో బాలకృష్ణుడుగా నటించిన ఆయన, తర్వాత స్వయంగానూ, రావు బాలసరస్వతీదేవితో కలిసీ ఎన్నో లలిత గీతాలను రికార్డులకు ఇచ్చారు. సినిమాతో సంబంధం లేని పాటలవి. మూడేసి నిమిషాల చిన్న చిన్న వెన్నెల తునకలు. వినే వరసలో మొదటి మెట్టు ఇదే కావాలని నా మనవి. 1951లో వచ్చిన మల్లీశ్వరి వింటే ఈ మెట్టు ఎంత గట్టిదో తెలుస్తుంది. భావకవితలో విషాదానికి మారుపేరైన దేవులపల్లి కృష్ణశాస్త్రి తొలిసారిగా సినిమాకు రాసిన పాటలవి. సంగీతం రాజేశ్వరరావుది, గొంతులు భానుమతి, ఘంటసాలలవి. ఆ సినిమా పాటలను కథ వరసలోనే వినండి. పల్లెలోని బావామరదళ్ళు అంతఃపురం గోడకు చెరో పక్క ఎలా చేరారో పాటలే చెబుతాయి. మనకు సినిమానే ఆల్బం అని నేననేది అందుకే.

ఇక్కడికి రెండో మెట్టు, దేవదాసు. 1953 జూన్‌లో తెలుగులో, సెప్టెంబరులో తమిళంలో విడుదలైంది. ఈ చిత్రం పుట్టుక చూడండి. కథ బెంగాలీ రచయిత శరత్ చంద్రుడిది. స్వరకర్త సి.ఆర్. సుబ్బరామన్ తమిళనాటివాడు. చిత్రం పూర్తికాకముందే, 1952లో, చిన్న వయసులోనే ఆయన కన్నుమూశాడు. మిగిలిన పనిని ఆయన శిష్యులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. విశ్వనాథన్ పాలక్కాడు వైపు మలయాళీ. పాడినది కృష్ణా జిల్లా ఘంటసాల. తెలుగులోనూ ఆయనే, తమిళంలోనూ ఆయనే. తెలుగు పాటలు సముద్రాల రాఘవాచార్యుల పేరుతో, తమిళ పాటలు ఉడుమలై నారాయణ కవి తదితరుల పేరుతో వచ్చాయి.

శ్రోతలారా, మనకున్న వీలు గురించి మొదట్లో చెప్పాను కదా, అదిక్కడ మొదలవుతుంది. విజయవాడలో ఉన్నవారు తెలుగు దేవదాసు వింటారు. మధురైలో ఉన్నవారు తమిళ దేవదాసు వింటారు. రెండూ విని, రెండూ అర్థం చేసుకోగలిగినవారు మనవైపే ఎక్కువ. ఒకే గాయకుడు, ఒకే బాణీ, ఒకే దుఃఖం. అయినా రెండు పాటలూ ఒకటి కావు. ఎందుకంటారా? తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. చివర తలుపు తెరిచి ఉంచినట్టు గాయకుడు ఆ అచ్చు మీద ఎంతసేపైనా నిలవవచ్చు. తమిళంలో చాలా మాటలు మకారంతోనో, నకారంతోనో, లకారంతోనో ముగుస్తాయి. అక్కడ గాయకుడు ముందున్న అచ్చును సాగదీసి, చివర హల్లుతో తలుపు మూయాలి. అంటే తెలుగులో బాధ గాలిలో తేలుతూ పోతుంది, తమిళంలో పెదవుల దగ్గర ఆగిపోతుంది. తెలుగు పాట ముందు, వెంటనే తమిళ పాట విని చూడండి. చరణాల చివర్లు గమనించండి. సంగీత శాస్త్రం తెలియనక్కరలేదు. పొద్దున అంగడిలో తమిళం, రాత్రి ఇంట్లో తెలుగు మాట్లాడే మీ చెవికి ఆ తేడా ఇట్టే పట్టుబడుతుంది.

మూడో మెట్టు మనవాడిది. ఎ.ఎం. రాజా 1929లో చిత్తూరు జిల్లా రామచంద్రాపురంలో పుట్టారు. మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చదువుకున్నారు. విద్యార్థిగా ఉండగానే హెచ్.ఎం.వి. రికార్డుకు తెలుగు పాటలు పాడారు. 1951లో జెమినీ వారి తమిళ చిత్రం సంసారంతో సినిమాలోకి వచ్చారు. వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి దానికి సంగీత దర్శకులు. రాజా గొంతులో గమకాల ఆర్భాటం లేదు. పట్టుబట్టను చేత్తో సవరించినట్టు ఉంటుంది. 1954లో వచ్చిన విప్రనారాయణలో అక్కినేని నాగేశ్వరరావుకు పాడిన పాటలు వినండి. భక్తుడి పతనమూ, పశ్చాత్తాపమూ ఒకే మెత్తని గొంతులో నడుస్తాయి. మరుసటి ఏడు, 1955 సంక్రాంతికి, విజయా వారి మిస్సమ్మ తెలుగు తమిళాల్లో రెండు రోజుల తేడాతో వచ్చింది. తెలుగులో పింగళి నాగేంద్రరావు, తమిళంలో తంజై రామయ్యదాసు రాశారు. తెలుగులో తెరమీద కథానాయకుడు రామారావు, తమిళంలో జెమినీ గణేశన్. ఇద్దరికీ గొంతు మాత్రం రాజాదే. అమెరికాలో సినాట్రా రాత్రి పాటల ఆల్బం వచ్చింది ఆ తర్వాత మూడు నెలలకు. సముద్రాలకు అవతల ఒకరు, మద్రాసులో ఒకరు, ఒకే ఏడాది ఒకే మైకు విద్యను పండించారన్నమాట.

రాజా పాడడమే కాదు, బాణీలూ కట్టారు. 1959లో వచ్చిన తమిళ చిత్రం కల్యాణ పరిశుకు ఆయనే సంగీత దర్శకుడు. అక్క కోసం తన ప్రేమను వదులుకున్న చెల్లెలి కథ అది. పాటలు పట్టుకోట్టై కల్యాణసుందరం రాశాడు. ఆ చిత్రంలో దీపావళి సంబరంగా సుశీల పాడిన పాట ఒకటి ఉంది. కథ తిరగబడ్డాక అదే బాణీని రాజా విషాదంగా పాడతారు. మొదటిది వినకుండా రెండోది వింటే అది మరో ఏడుపు పాట మాత్రమే. మొదటిది విని, మధ్యలోని పాటలు విని, ఆ తర్వాత రెండోది వింటే గుండె పట్టేస్తుంది. దీపాలు అవే, ఆరిపోయాయి, అంతే తేడా. వరసగా వినాలని నేను పట్టుబట్టడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1960లో అదే కథ, శ్రీధర్ దర్శకత్వంలోనే, పెళ్ళి కానుకగా తెలుగులో వచ్చింది. అక్కడా సంగీతం రాజాదే.

ఆ 1960 మన ప్రాంతానికి మరోలా గుర్తుండే సంవత్సరం. అంతవరకు ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. పటాస్కర్ సిఫారసుల మీద 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం అది జరిగింది. అదేవిధంగా పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల నుంచి సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకు వెళ్ళాయి. కాగితం మీద గీత మారింది. ఊళ్ళు ఉన్నచోటే ఉన్నాయి, ఇళ్ళలో మాట్లాడే భాషలూ అవే. కల్యాణ పరిశు విడుదలైననాడు తిరుత్తణి ఆంధ్రలో ఉంది. మరుసటి ఏడు పెళ్ళి కానుక నాటి వేసవిలో తమిళదేశంలో ఉంది. సరిహద్దుకు ఏ పక్కనున్నా మనవాళ్ళకు గాయకుడు మారలేదు. చిత్తూరు జిల్లా గొంతు రెండు భాషల్లోనూ పాడుతూనే ఉంది. రాజా సహధర్మచారిణి, గాయని జిక్కి తల్లిదండ్రులు కూడా చంద్రగిరి నుంచి మద్రాసు వలస వచ్చినవారే. రాజా 1989 ఏప్రిల్లో తిరునెల్వేలి జిల్లా వళ్ళియూరు స్టేషనులో రైలు ప్రమాదంలో మరణించారు.

ఆ కాలంలో ఈ పాటలు మన ఇళ్ళకు చేరిన దారి కూడా చెప్పుకోవాలి. రికార్డు, దాన్ని తిప్పే పెట్టె కలిగినవారికే. మిగిలినవారికి పెళ్ళింటి మైకు సెట్టు, ఆడికృత్తికకు కావళ్ళు మోసే జనం మధ్య మోగే లౌడ్‌స్పీకరు, రేడియో. 1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన కేస్కర్ సినిమా పాటలను ఇష్టపడలేదు. ఆకాశవాణిలో అవి తగ్గిపోయాయి. శ్రోతలు రేడియో సిలోను వైపు ముల్లు తిప్పారు. 1957లో వివిధ భారతి వచ్చాక మళ్ళీ ఇటు తిప్పారు. ఆ మధ్యకాలంలో ఆకాశవాణి లలిత సంగీతాన్ని పెంచింది. అందువల్ల తెలుగువారికి సినిమాకు బయట కూడా మంచి పాట ఒకటి బతికింది.

నాలుగో మెట్టు ప్రతివాది భయంకర శ్రీనివాస్, మనందరికీ పి.బి. శ్రీనివాస్. 1930లో కాకినాడలో పుట్టిన ఈయనను కూడా జెమినీ సంస్థ ద్వారా, 1952లో మిస్టర్ సంపత్ చిత్రంతో వెలుగులోకి తెచ్చింది ఈమని శంకరశాస్త్రే. ఇంత మంద్రంగా పాడిన గాయకుడు దక్షిణాదిలో మరొకరు అరుదు. తమిళంలో జెమినీ గణేశన్‌కు, కన్నడంలో రాజ్‌కుమార్‌కు ఆయన గొంతే గొంతు. తెలుగువారు ఆయనను కొంత తక్కువగా వాడుకున్నారని నా అభిప్రాయం. ఆయన అనేక భాషల్లో కవిత్వం రాశారు. మద్రాసు ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్ ఇన్ హోటల్లో కాఫీ ముందు, జేబునిండా రంగురంగుల కలాలతో కూర్చున్న ఆ మనిషిని చూసినవారు చాలామంది. 2008లో ఆ హోటలు మూతపడింది. 2013 ఏప్రిల్లో ఆయనా వెళ్ళిపోయారు. సరిహద్దులో ఉన్న మనకు ఆయన తెలుగు, తమిళ పాటలు రెండూ సొంతమే. ఒక సాయంత్రం మొత్తం ఆయనకే ఇవ్వండి.

అయిదో మెట్టు మళ్ళీ ఘంటసాల, కానీ సినిమా ఘంటసాల కాదు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రాసిన పుష్పవిలాపం పద్యాలను ఆయన రికార్డుకు పాడారు. తెంపడానికి వచ్చినవాడితో పువ్వు మొరపెట్టుకోవడం ఆ పద్యాల విషయం. తెలుగు పద్యాన్ని నాటకాల హెచ్చు శ్రుతి నుంచి దించి, మైకు ముందు మాట్లాడినట్టు పాడవచ్చునని అవి నిరూపించాయి. తర్వాత భగవద్గీత. శ్లోకం, ఆ వెంట తెలుగు తాత్పర్యం, ఒకే గొంతు, ఒకే విషయం, మొదటి నుంచి చివరికి ఒకే నడక. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశారు. గీత రికార్డు ఆ తర్వాత వచ్చింది. తెలుగు ఇంట్లో అందరికీ తెలిసిన అసలు సిసలైన ఆల్బం ఏదంటే నేను దీన్నే చెబుతాను. అయితే దానికి ఒక కష్టం వచ్చింది. చావు ఇంట్లో దాన్ని వేయడం ఆనవాయితీ అయ్యేసరికి, వీధిలో గీత వినబడితే ఎవరు పోయారని అడగడం అలవాటైంది. అర్జునుడి విషాదంతో మొదలై, ఆ విషాదం తీరడంతో ముగిసే గ్రంథం గీత. దాన్ని శుభకార్యం లేని మామూలు రోజున, మామూలు పొద్దున, మొదటి నుంచి చివరిదాకా విని చూడండి.

ఆరో మెట్టు మన జిల్లా గడ్డ మీదే ఉంది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1946 జూన్ 4న పుట్టిన కోనేటమ్మపేట నేటి తిరువళ్ళూరు జిల్లా పళ్ళిపట్టు వైపు గ్రామం. తండ్రి సాంబమూర్తి హరికథకులు. కుర్రవాడిగా ఆయన పాడిన ఒక పోటీకి న్యాయనిర్ణేతల్లో ఘంటసాల ఉన్నారు. చూడండి, వరసలో వింటే ఇలాంటి ముడులు కనబడతాయి. 1978లో వచ్చిన మరో చరిత్ర వినండి. తమిళ కుర్రవాడు, తెలుగు అమ్మాయి, పక్కపక్క ఇళ్ళు, భాష రాని ప్రేమ, విషాదాంతం. పాటలు ఆత్రేయవి, సంగీతం విశ్వనాథన్‌ది. పాతికేళ్ళ కింద దేవదాసును పూర్తిచేసిన విశ్వనాథనే ఆయన. ఆ సినిమా మద్రాసులో తమిళంలోకి మార్చకుండా, తెలుగులోనే నెలల తరబడి ఆడింది. బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న మరణించినప్పుడు ఆయన్ను తిరువళ్ళూరు జిల్లాలోనే, తామరైపాక్కంలో ఖననం చేశారు.

కొందరు పెద్దలకు ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. శుభమా అని నలుగురం కూర్చున్నప్పుడు ఈ ఏడుపు పాటలెందుకని. కరుణ రసం మనసును కుంగదీయదు, మెత్తబరుస్తుంది. భవభూతి ఉత్తరరామచరితంలో రసాలన్నిటికీ మూలం కరుణమేనన్నాడు. పైగా విషాద గీతంలో మాట స్పష్టంగా వినబడుతుంది. వాద్యాల హోరు తక్కువ, నడక నెమ్మది. భాష నేర్చుకునేవాడికి అది పెద్ద మేలు.

భాష నేర్చుకునేవాడు అంటున్నానే, అసలు విషయం అదే. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం 2006–07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. తమిళం మన పిల్లలకు కావలసిందే. ఉన్న ఊరి భాష, బతుకుతెరువు భాష, గొప్ప సాహిత్యమున్న భాష. కానీ ఆ బరువులో చాలా ఇళ్ళలో తెలుగు అక్షరం జారిపోయింది. అమ్మమ్మతో తెలుగు మాట్లాడే పిల్లవాడికి తెలుగు బోర్డు చదవడం రాదు. కంటికి అందని భాషను చెవి ఇంకా పట్టుకుని ఉంది. చెవి కూడా వదిలేస్తే ఇక పట్టుకునేది లేదు.

అందుచేత మీకొక చిన్న పని చెబుతాను. వారానికొక సాయంత్రం, ఈ ఆరు మెట్లూ ఆరు వారాలు. ఇప్పుడు ఈ పాటలన్నీ చేతిలోని ఫోనులోనే దొరుకుతున్నాయి, పెట్టె అక్కరలేదు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ముందు తమిళ పాట పెట్టండి. వాళ్ళకు అది పూర్తిగా అర్థమవుతుంది. వెంటనే అదే బాణీలో తెలుగు పాట పెట్టండి. బాణీ తెలిసిందే కాబట్టి వాళ్ళ దృష్టి మాట మీద పడుతుంది. తెలియని మాట అడుగుతారు, చెప్పండి. ఒక చరణాన్ని తమిళ లిపిలో రాసుకోమనండి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. రాసినదాన్ని మర్నాడు వాళ్ళనే చదవమనండి. ఎక్కడ గకారమో ఎక్కడ కకారమో తేలక తడబడతారు. అప్పుడు మళ్ళీ పాట వినిపించి సరిచేయండి. తెలుగు అక్షరాలు ఎందుకు ఉన్నాయో ఆ పిల్లవాడికి ఆ క్షణంలో తెలుస్తుంది. అడిగినవాడికి నాలుగు అక్షరాలు నేర్పడం కష్టమేమీ కాదు. అడిగేలా చేయడమే కష్టం, ఆ పని పాట చేసిపెడుతుంది.

ఇంకో మాట. ఇంట్లో తమిళులైన కోడలో, అల్లుడో ఉంటే వాళ్ళను కూడా కూర్చోబెట్టండి. ఘంటసాల తమిళ దేవదాసును వాళ్ళూ తమ పాటగానే విని పెరిగారు. ఒకే గొంతును ఇద్దరూ నాదంటే నాదనుకోవడం తగువు కాదు, చుట్టరికం. మన సరిహద్దు ఊళ్ళు ఇంతకాలం బతికింది ఆ చుట్టరికం మీదే.

ఆరు వారాలు పూర్తయ్యాక సినాట్రానూ వినండి, సైగల్‌నూ వినండి. భాష తెలియకపోయినా వాళ్ళు మీకు పరాయివాళ్ళుగా తోచరు. మొదటి సాయంత్రం రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవి లలిత గీతాలు, ఆ వెంట మల్లీశ్వరి అని గుర్తుపెట్టుకుంటే చాలు. రెండో వారం దేవదాసు, తెలుగు ఒక పక్క, తమిళం ఒక పక్క.